తప్పిన ఆ ఒక్క శుక్రవారం

మా అమ్మకు డయాలసిస్ మొదలై మొన్నటికి ఏడాది నిండింది. వారానికి మూడు చొప్పున 156 సార్లు జరిగి ఉండాలి. నా డైరీలో 155 ఉన్నాయి. తగ్గిన ఆ ఒక్కదాని గురించి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు.

మాది కోనసీమ. అమ్మకు ఇరవై ఏళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. పాదాలు వాస్తుంటే ఎండ వల్లేమో అనుకున్నాం. కిడ్నీలు వడగట్టాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో 8 దాటాక గానీ మాకు తెలివి రాలేదు. ప్రభుత్వ కార్డు మీద చికిత్సకు రూపాయి ఖర్చు లేదు, వెళ్లిన ప్రతిసారీ వేలిముద్ర వేస్తే చాలు. నెలకు 10,000 పింఛను మాత్రం కాగితాలు పెట్టి తిరిగితే వచ్చింది. ‘మీ పని నేను చూసుకుంటాను’ అని ఎవరైనా ఇంటికొస్తే మంచినీళ్లు కూడా ఇవ్వకండి. ఆ పని మీరే చేసుకోవచ్చు.

ఎడమ మణికట్టు దగ్గర ఫిస్టులా ఆపరేషన్ చేశారు. ధమనిని సిరతో కలిపితే నెలన్నర, రెండు నెలలకు ఆ సిర సూదికి పనికొచ్చేంత లావవుతుంది. అప్పటిదాకా మెడ దగ్గర పెట్టిన గొట్టంతోనే నెట్టుకొచ్చాం. ఫిస్టులా మీద వేలు పెడితే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మంటుంది. అమ్మ పొద్దున ప్రార్థనకు ముందు ఆ చెయ్యి చెవికి ఆనించుకుని, “పలుకుతోంది నాన్నా” అనేది. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, ఇంజెక్షన్ చేయకూడదు, బిగుతైన గాజు కూడా వేసుకోకూడదు.

పలకరింపులకు వచ్చేవాళ్లతో ఇంకో తిప్పలు. మా వైపు రోగిని చూడటానికి ఉత్త చేతులతో రారు, కొబ్బరి బొండాలు తెస్తారు. బొండాం నిండా పొటాషియం, కిడ్నీలు పనిచేయని మనిషికి అది గుండె మీదికి తెస్తుంది. వద్దంటే నొచ్చుకుంటారని తీసుకుని, వాళ్లు వెళ్లాక నేనే తాగేవాణ్ణి.

ఐదో నెలలో పక్క ఊళ్లో మూడు రాత్రుల స్వస్థత కూటములు పెట్టారు. గురువారం రాత్రి పిన్ని బలవంతం మీద వెళ్లాం. కిడ్నీ రోగులు ముందుకు రావాలని ప్రసంగీకుడు పిలిచాడు. అమ్మను వేదిక ఎక్కించారు. ఆయన నేరుగా ఆ ఎడమ చేతినే పట్టుకుని, పిడికిట్లో బిగించి, జెండాలా పైకెత్తి ఊపాడు. మైకు అమ్మ నోటి దగ్గర పెట్టి అడిగాడు.

“రోజుకు ఎన్ని నీళ్లు తాగనిస్తున్నారమ్మా?”

“ముప్పావు లీటరయ్యా.”

నీళ్ల సీసా మూత తీసి చేతికిచ్చి, “విశ్వాసంతో తాగు!” అన్నాడు. అమ్మ కళ్లు మూసుకుని తాగింది. నెలల తరబడి గుక్కలు లెక్కపెట్టుకున్న మనిషి ఆగకుండా, గొంతు కదులుతుండగా, సీసా ఖాళీ చేసింది. నీళ్లు గడ్డం మీదుగా కారి చీర తడిసింది. పందిరంతా హల్లెలూయ అని మారుమోగింది.

నేను మూడో వరసలో ఉన్నాను. నేనూ చప్పట్లు కొట్టాను.

ఎందుకని చాలాసార్లు ఆలోచించాను. దాహం తీరిన అమ్మ ముఖం చూసి అన్ని నెలలైంది మరి. పందిట్లో కూర్చుంటే నా చదువేమీ అడ్డు రాలేదు. శుక్రవారం పొద్దున, “స్వస్థత అయ్యాక మళ్లీ సూదులు పొడిపించుకుంటే అవిశ్వాసం కాదా నాన్నా?” అంది. సరేనన్నాను.

ఆదివారం రాత్రికి అమ్మ పడుకోలేకపోయింది. కిటికీ ఊచలు పట్టుకుని కూర్చుని ఊపిరి లాగుతోంది. కూటముల కరపత్రం మీదున్న నంబరుకు ఫోన్ చేశాను. “మీ ఇంట్లో ఎవరిలోనో అవిశ్వాసం ఉంది, పరీక్షించుకోండి” అని పెట్టేశారు. రెండింటికి మా సంఘం పాస్టరు అయ్యగారిని లేపాను. పావుగంటలో ఎవరిదో కారు అడిగి తెచ్చారు. ఆసుపత్రిలో తూచితే 52 కిలోలు ఉండాల్సిన అమ్మ 58 ఉంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. డయాలసిస్ యంత్రం దగ్గరి అమ్మాయి రోగులందరి ముందూ, “మీరు చదువుకున్నవారేనా సార్?” అంది. నేల చూశాను.

బయట బెంచీ మీద అయ్యగారు నన్ను ఒక్క మాట అనలేదు. “పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడు మాటిచ్చిన తర్వాత కూడా హిజ్కియా రాజు పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు యెషయా ప్రవక్త. ఆ ముద్దను నువ్వు పీకేశావు” అన్నారు. అది తిట్టని నాకు ఇంటికొచ్చాక గానీ తట్టలేదు.

రోగి చేత మందు మాన్పించి వేదిక మీద సాక్ష్యం చెప్పించేవాడిని నేను బోధకుడనను. రోగి దాహాన్ని చూపించి చందా పట్టేవాడంటాను. ఆ రాత్రి కానుకల సంచిలో నేను 500 వేశాను, ఆ మంట ఇంకా ఉంది.

బుధవారం యంత్రం మీద ఉండగా అమ్మ, “నాకు విశ్వాసం చాల్లేదా అయ్యగారూ?” అని అడిగింది. ఆయన అమ్మ బైబిలే తీసి, కీర్తనల్లో అంతరింద్రియములు అన్న మాట మీద వేలు పెట్టారు. హీబ్రూలో అక్కడున్న మాటకు అర్థం మూత్రపిండాలేనట. “వాటిని నిర్మించినవాడూ, పరిశోధించేవాడూ ఆయనే. నీవి ఎలా ఉన్నాయో ఆయనకు కొత్తగా చెప్పాలా అమ్మా?” అన్నారు. అమ్మ అప్పుడే ఎర్ర పెన్ను అడిగి గీత గీసుకుంది. ఆ తర్వాత ఒక్క రోజు కూడా డయాలసిస్‌కు వెనకాడలేదు. నాలుగు గంటలూ పక్క మంచాల వాళ్ల పేర్లు అడిగి ప్రార్థన చేస్తుంది. వాళ్లలో సగం మంది మా మతం కాదు, అయినా అమ్మ రావడం కాస్త ఆలస్యమైతే అడుగుతారు.

నేనూ కొంత నేర్చాను. ఇప్పుడు అమ్మ పాదం నొక్కి చూసి నీరు చేరి ఎన్ని కిలోలు పెరిగిందో అరకిలో తేడాతో చెప్పగలను. నన్ను తిట్టిన అమ్మాయే తూకానికి ముందు, “ఎంతుంటారు సార్?” అని నన్ను అడుగుతోంది.

నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంది అమ్మ. ద్రాక్షరసం గిన్నె బొటనవేలంత ఉంటుంది. అది ముప్పావు లీటరు లెక్కలోకి వస్తుందా అని ఆ అమ్మాయినే అడిగింది. “అంత కొంచెం రాయక్కర్లేదమ్మా” అని నవ్వింది. అయినా గుడి మెట్లు దిగగానే అమ్మ, “పది మిల్లీలీటర్లు, రాసుకో” అంటుంది. రాసుకుంటాను.