ముగ్గుపిండితో గీసిన ఓడ గది

మహబూబ్‌నగర్‌లోని మా ఇంటి వాకిట్లో నేను ముగ్గుపిండితో పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న ఒక గడి గీస్తుంటే, ఎదురింటావిడ వచ్చి పండుగ లేదు, పబ్బం లేదు, ఈ గీతలేమిటని అడిగింది. ఓడలో మేము పడుకోబోయే గది అని చెప్పాను. ఆమె నమ్మినట్లు కనిపించలేదు.

2024 ఫిబ్రవరిలో మా అమ్మ, నాయిన, మా ఆయన, నేను కలిసి ముంబై నుంచి గోవాకు వెళ్లి మళ్లీ ముంబైకే తిరిగివచ్చే మూడు రాత్రుల ఓడ ప్రయాణం చేశాం. నాయిన తన యౌవనంలో పాలమూరు నుంచి బొంబాయి బస్సెక్కి వెళ్లిన వేలాది కూలీల్లో ఒకరు. పదకొండేళ్ల పాటు అక్కడ భవనాల పనిలో సిమెంటు తట్టలు మోశారు కానీ, సముద్రాన్ని ఒడ్డున నిలబడి చూడడమే తప్ప ఏనాడూ దాని మీద ప్రయాణం చేయలేదు. ప్రయాణం ఖాయం చేసుకోవడానికి మాకు ఒక సాయంత్రం సరిపోయింది. ఏ గది తీసుకోవాలో తేల్చుకోవడానికి ఆరు వారాలు పట్టింది.

ఓడ పేరు ఎంప్రెస్. 1990లో ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్‌లో కట్టిన ఈ నౌక మొదట నార్డిక్ ఎంప్రెస్ పేరుతో రాయల్ కరీబియన్ సంస్థ దగ్గర తిరిగింది. 2021 నుంచి కార్డెలియా అనే సంస్థ పేరు మీద మన తీరంలో నడుస్తోంది. పొడవు సుమారు 211 మీటర్లు. ఓడ వయసు తెలుసుకోవడం గది ఎంపికకు ఎంతగా పనికొస్తుందో నాకు తరువాత అర్థమైంది. ఆ కాలంలో కట్టిన ఓడల్లో బాల్కనీ గదులు కొన్నే ఉంటాయి. లోపలి గదులు, మూసిన కిటికీ గదులే ఎక్కువ, అవి కూడా ఇప్పటి కొత్త ఓడల గదుల కంటే ఇరుకు. కొత్త ఓడల చిత్రాలు చూసి ఆశపడిన వారు పాత ఓడ ఎక్కి నిరుత్సాహపడడం అందుకే.

గదులు ప్రధానంగా నాలుగు రకాలు. ఓడ నడుమన కిటికీ అన్నదే లేకుండా ఉండేది లోపలి గది. సముద్రం వైపు తెరవడానికి వీలులేని గాజు కిటికీ ఉండేది రెండోది. తలుపు తీసుకుని బయట కూర్చోగలిగే బాల్కనీ గది మూడోది. ఇంకా విశాలమైన సూట్ నాలుగోది. ధర గదికి కాదు, మనిషికి, అదీ గదిలో ఇద్దరు ఉంటారన్న లెక్క మీద. ఒక్కరే ఉంటే దాదాపు ఇద్దరి సొమ్మూ ఆ ఒక్కరే కట్టవలసి వస్తుంది. అదే గదిలో మూడో మనిషి, నాలుగో మనిషి గోడ నుంచి కిందికి దించే పై పరుపుల మీద పడుకుంటే వారికి తక్కువ పడుతుంది. పైకి కనిపించే ధరకు రేవు సుంకాలు, సేవా రుసుము, పన్ను వేరుగా కలుస్తాయి కాబట్టి, రెండు గదుల ధరలు పోల్చేటప్పుడు చివరి మొత్తాలనే పోల్చాలి. లెక్కల టీచరునై ఉండి కూడా మొదటి రెండు రోజులు నేను ఆ పొరపాటే చేశాను.

నలుగురం ఒకే గదిలో సర్దుకుంటే అన్నిటికన్నా చవక. ముగ్గుపిండి అవసరం వచ్చింది అందుకే. ఇలాంటి ఓడల్లో మామూలు గది నూట ఇరవై, నూట ముప్పై చదరపు అడుగులు ఉంటుందని చదివాను కానీ, అంకె చదివితే చోటు తెలియదు. వాకిట్లో గడి గీసి, అందులో స్నానాల గదికి ఒక మూల, బట్టల అలమారకు ఒక మూల వదిలి, రెండు పరుపులు పరిచాను. ఆ పరుపుల మధ్య మా ఆయన అడ్డంగా తిరిగితేనే గాని నడవలేకపోయాడు. నాయిన గడిలోకి వచ్చి పడుకుని చూసి, లేచి, గీత దాటి అవతల నిలబడ్డారు. పై పరుపు ఎక్కడానికి నిచ్చెన ఎక్కాలని చెప్పగానే అమ్మ మోకాళ్లు పట్టుకుంది. నలుగురూ ఒక గదిలో అన్న మాట అక్కడితో ముగిసింది. రెండు గదులు తీసుకోవాలని నిర్ణయమైంది.

తరువాత తేలవలసింది కిటికీ సంగతి. రెండూ లోపలి గదులైతే ఒక్కొక్కరికి ఐదు వేల చిల్లర మిగులుతుంది. నాయిన వెంటనే లోపలి గదికే ఒప్పుకున్నారు. "నాకెందుకమ్మ కిటికి? బొంబాయిల పదిమందిమి ఒక్క అర్రల పండుకున్నం" అన్నారు. ఆ మాట నాకు బలంగానే తోచింది. అయినా లోపలి గది గురించి చదివినవారందరూ ఒక్క విషయం చెబుతారు: దీపం ఆర్పితే అందులో చీకటి మామూలు చీకటి కాదు. తెల్లవారిందో లేదో తెలిసే ఆనవాలు ఏదీ ఉండదు. కొందరు చిన్న రాత్రి దీపం వెంట తీసుకువెళతారు. మరికొందరు ఓడ ముందుభాగం కనిపించే ఛానెల్ పెట్టి టీవీని రాత్రంతా వదిలేస్తారు.

నాయిన ఏళ్ల తరబడి వాకిట్లో నులక మంచం మీద పడుకుంటున్నారు. చుక్కను చూసి లేవడం ఆయన అలవాటు. ఒక శనివారం రాత్రి మా సామాన్ల గది ఖాళీ చేసి, కిటికీకి రెండు దుప్పట్లు కట్టి, తలుపు సందులో గుడ్డ కుక్కి ఆయనను అందులో పడుకోమన్నాను. పరీక్ష పెట్టడం నా ఉద్యోగం కాబట్టి ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. తెల్లవారుజామున ఏదో కింద పడిన చప్పుడుకు అందరం లేచాం. మూత్రానికి లేచిన నాయినకు తలుపు ఎటుందో అంతు చిక్కలేదు. గోడ తడుముతూ గుండ్రంగా తిరిగి బియ్యం డబ్బా పడగొట్టారు. బయటికి వచ్చి కూర్చున్న తరువాత అసలు సంగతి చెప్పారు. "ఆ అర్రల నాకు నిద్ర పట్టకపోతుండె బిడ్డా. సగం దినాలు కడుతున్న బిల్డింగు మీదికే పోయి పండుకుంటుంటి." పదిమంది ఒక్క గదిలో పడుకున్న మాట నిజమే. ఆ పదిమందిలో తాను తరచుగా లేరన్న మాట మాత్రం నలభై ఏళ్ల తరువాత బయటపడింది.

ఆ ఉదయమే అమ్మానాయినలకు కిటికీ గది, మాకిద్దరికీ లోపలి గది అని రాసుకున్నాను. ఒకే కుటుంబం కాబట్టి రెండు గదులూ ఒకే రకంగా ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. వరండాకు ఇటు కిటికీ గది, అటు లోపలి గది ఎదురెదురుగా దొరుకుతాయి.

బాల్కనీ సంగతి కూడా ఆలోచించకపోలేదు. నాయినకు నిజంగా నచ్చేది అదే. కానీ మేము చూసిన రోజున దాని ధర కిటికీ గదికి దాదాపు రెట్టింపు ఉంది. మూడు రాత్రుల్లో ఒక పగలు గోవాలో దిగితే, అందులో కూర్చునేది ఎన్ని గంటలు? ఓడ పై అంతస్తుల్లో ఆరుబయట నడిచే చోటు అందరిదీ. దానికి వేరే రుసుము లేదు. వారం, పది రోజుల ప్రయాణమైతే, నడవలేని పెద్దవారు రోజంతా గదిలోనే ఉండేటట్లయితే నేను బాల్కనీకే ఓటు వేసేదాన్ని.

గది రకం తేలిందని సంబరపడుతున్నప్పుడే మా ఆయన తన భయం బయటపెట్టాడు. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాటు మలుపుల్లోకి బస్సు తిరిగితే చాలు, ఆయనకు వాంతులు మొదలవుతాయి. ఓడలో కుదుపు అన్నిచోట్లా ఒకేలా ఉండదని అప్పుడు తెలుసుకున్నాను. మా తాతల నాటి ఏతం చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది: దూలం రెండు కొనలూ పైకీ కిందికీ పోతుంటాయి, నడుమ ఇరుసు మాత్రం కదలదు. అలలకు ఎదురుగా పోయే ఓడ కూడా ముందు, వెనుక కొనల దగ్గర బాగా లేచి పడుతుంది. మధ్యలో అంతగా తెలియదు. ఇక పక్కలకు ఊగడం తాటిచెట్టు ఊగడం వంటిది, మొదలు దగ్గర కదలిక ఉండదు, తలదగ్గర చూడాలి. ఓడ పక్కల నీటి లోపల ఉండే రెక్కలు ఈ పక్క ఊపును చాలావరకు తగ్గిస్తాయి కానీ, ముందు వెనుకల లేచిపడడాన్ని అంతగా ఆపలేవు. కాబట్టి కడుపులో తిప్పే మనిషికి కింది అంతస్తులో, ఓడ పొడవుకు నడుమన ఉన్న గది మేలు. విచిత్రమేమిటంటే సాధారణంగా పై అంతస్తు గదులకే ధర ఎక్కువ. మాకు కావలసినది చవకగానే దొరికింది. అరేబియా సముద్రం వర్షాకాలంలో అల్లకల్లోలంగా ఉంటుంది, ఫిబ్రవరిలో నెమ్మదిస్తుంది. తేదీ ఎంచుకోవడం కూడా ఒక రకంగా గది ఎంచుకోవడమే.

ఇక అంతస్తుల నక్షా ముందు పెట్టుకుని కూర్చున్నాను. మన గదికి పైన, కింద కూడా గదులే ఉంటే రాత్రి ప్రశాంతంగా ఉంటుంది. పైన ఈత కొలను ఉంటే కుర్చీలు లాగే చప్పుడు, కింద ఆటపాటల మందిరం ఉంటే డోలు దెబ్బలు తప్పవు. నక్షాలో పేరు లేకుండా తెల్లగా వదిలిన చోట్లను అనుమానించాలి. అవి సిబ్బంది పనిచేసే చోట్లు కావచ్చు. లిఫ్టుకు ఆనుకుని ఉన్న గది వద్దు, అలాగని పెద్దవారిని వరండా చివరి దాకా నడిపించకూడదు. నాలుగైదు గదుల ఎడం చాలు. పక్క గదిలోకి తలుపు ఉన్న జంట గదులు మొత్తం మనవే అయితే వరం. తెలియనివారు అవతల ఉంటే ఆ తలుపు గుండా ప్రతి మాటా వినిపిస్తుంది. కొన్ని కిటికీలకు ఎదురుగా ప్రాణరక్షక పడవలు వేలాడుతుంటాయి, డబ్బు కట్టి పడవ వీపు చూడవలసి వస్తుంది. నాయిన కోసం ఇంకొకటి అడిగాను: ఓడల్లో స్నానాల గదికి గడప ఎత్తుగా ఉంటుంది. చక్రాల కుర్చీ వాడేవారికి గడప లేని, వెడల్పు తలుపుల గదులు కొన్ని వేరే ఉంటాయి, ముందుగా అడిగితేనే ఇస్తారు. నాయినకు అంత అవసరం లేదనుకుని, గడప ఉందని మాత్రం పదిసార్లు గుర్తుచేశాను.

చివరికి మిగిలింది కుడి వైపా, ఎడమ వైపా అన్నది. దీనికి నేను పాఠశాల అట్లాసు తెచ్చుకున్నాను. గోవాకు దక్షిణంగా పోయేటప్పుడు తీరం ఎడమవైపు ఉంటుంది, కానీ ఓడ ఒడ్డుకు దూరంగా పోతుంది కనుక కనిపించేది తక్కువ. అసలు చూడవలసినది ముంబైలోకి తిరిగి వచ్చేటప్పుడు. రేవు నగరానికి తూర్పున ఉంది. ఓడ నగరానికి దక్షిణాన ఉన్న కొలాబా కొనను చుట్టి ఉత్తరానికి వస్తుంది. అంటే నగరమంతా ఎడమవైపు. పొద్దు తూర్పున పొడుస్తుంది కాబట్టి ఉదయం వెలుగు నేరుగా ఆ భవనాల మీద పడాలి. ఎడమవైపు గదికి గుర్తు పెట్టాను.

ఇంత చేసిన తరువాత టికెట్లు చేతికొచ్చి చూస్తే గది సంఖ్యలే లేవు. మాకు బుకింగ్ చేసిన ఏజెంటు కొంత తగ్గుతుందని గ్యారంటీ పద్ధతిలో చేశాడు. గ్యారంటీ అంటే గది రకానికి మాత్రమే హామీ; ఏ అంతస్తు, ఏ మూల అన్నది ప్రయాణం దగ్గరపడ్డాక ఓడవారు తమకు వీలైనట్లు కేటాయిస్తారు. ఎక్కడైనా సరే అనుకునేవారికి అది మంచి బేరమే. అమ్మానాయినలు ఒక అంతస్తులో, మేము ఇంకొక అంతస్తులో పడే అవకాశం ఉన్నప్పుడు మాకు కాదు. "అన్నీ ఒకే తీరు గదులే మేడం" అని ఏజెంటు రెండు రోజులు వాదించాడు. మూడో రోజు నేను గది సంఖ్యలు రాసిన కాగితం ఫోన్‌లో పంపి, తేడా సొమ్ము కట్టి, ఎదురెదురు గదులు ఖాయం చేయించుకున్నాను. సంఖ్య రాసి ఉన్న టికెట్ చేతికి వచ్చేదాకా గది ఎంచుకున్నట్లు కాదు.

హైదరాబాద్ నుంచి రైలులో ముంబై చేరి, బల్లార్డ్ పియర్ రేవులో ఆధార్ కార్డులు చూపి ఓడ ఎక్కాం. విదేశీ రేవు లేదు కనుక పాస్‌పోర్టు అడగలేదు. గదిలోకి వెళ్లగానే నేను చేసిన మొదటి పని అడుగులు వేసి కొలవడం. వాకిట్లో గడికి అరడుగు అటూ ఇటూ. మా ఆయన వాంతి మాత్రలు రెండే వేసుకున్నాడు. ఇక మా లోపలి గది తన గుణం నాకే చూపించింది. గోవా చేరిన ఉదయం మేమిద్దరం అర్ధరాత్రి అనుకుని పడుకునే ఉన్నాం. ఓడ మోర్ముగావ్ రేవులో ఆగి, జనం ఫలహారం కూడా ముగించాక అమ్మ వచ్చి తలుపు కొట్టింది.

చివరి ఉదయం తలుపు కొట్టింది నాయిన. వెళ్లి చూస్తే కిటికీ నిండా ముంబై ఉంది. దూరంగా తాజ్ హోటల్ గుమ్మటం, దాని పక్కన అగ్గిపెట్టెంత గేట్‌వే ఆఫ్ ఇండియా, వాటి మీద పచ్చని ఎండ. నాయిన కొలాబా వైపు వేలు పెట్టి, గాజు మీద ఒక్కొక్క భవనాన్నీ తాకుతూ, దేనికి తాను తట్టలు మోశారో వెతుకుతున్నారు. కొత్త మేడల మధ్య అది దొరకలేదు. సంచులు సర్దుకోవాలని అమ్మ మూడుసార్లు పిలిచింది. ఓడ గట్టుకు ఆనే దాకా ఆయన కిటికీ వదలలేదు.