గోగునార షీటులో ఫ్లైయాష్

రామగుండం థర్మల్ విద్యుత్ కేంద్రంలో వచ్చే సన్నని బూడిద (ఫ్లైయాష్)ను, గట్టిపడే ప్లాస్టిక్ ద్రవమైన పాలియెస్టర్ రెజిన్‌లో కలిపి గోగునార షీటు చేసేటప్పుడు ఎక్కువగా దెబ్బతీసేది తేమే. నారను 5 శాతం కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి, జారుడు పోయేదాకా కడిగి, ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి. బూడిదను 75 మైక్రాన్ల జల్లెడ పట్టి 105 డిగ్రీల దగ్గర ఉంచాలి. చేతికి పొడిగా తగిలిందని నమ్మొద్దు. తేమ మిగిలితే రెజిన్ నారను పట్టదు, షీటు విరిచి చూస్తే పోగులు నున్నగా ఊడి వస్తాయి.

రెజిన్ బరువులో 5–10 శాతం బూడిద చాలు. మరీ ఎక్కువైతే మిశ్రమం చిక్కబడి నార మధ్యకి దిగదు, గాలి బుడగలు ఉండిపోతాయి. బూడిద అడుక్కి దిగుతుంది, పోసే ముందు మళ్లీ కలపాలి.

ఇది మాత్రం గట్టిగా చెప్తాను: రెజిన్ గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్ట్ యాక్సిలరేటర్‌నీ గట్టిపడటాన్ని మొదలుపెట్టే ఎంఈకేపీనీ నేరుగా కలపొద్దు, పేలుతుంది. కోబాల్ట్ రెజిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది.