గద్వాల సీడ్ పత్తి: కంపెనీ లెక్క ఎక్కడ పట్టుకోవాలి

నడిగడ్డలో (గద్వాల ప్రాంతం) సీడ్ పత్తి వేసే, అంటే కంపెనీ కోసం పత్తి విత్తనం పండించే రైతుకు కంపెనీ కనబడదు, మధ్యవర్తి అయిన ఆర్గనైజరే కనబడతాడు. ఫౌండేషన్ సీడ్ (కంపెనీ ఇచ్చే ఆడ, మగ మూల విత్తనం), అప్పు, చివరి లెక్క అన్నీ ఆయన చేతి మీదే. అందుకే కంపెనీ ఆఫీసు ఇచ్చిన రిపోర్టుతో ఆగిపోతే పర్యవేక్షణ చేసినట్టు కాదు. మొదట అడగాల్సింది ఒప్పంద కాగితం. రైతు దగ్గర కాపీ ఉందా, అందులో కంపెనీ సంతకం ఉందా? చాలాచోట్ల తెల్లకాగితం మీద రైతు సంతకం తప్ప ఇంకేమీ ఉండదు.

అసలు పేచీ జీవోటీ (గ్రో అవుట్ టెస్ట్) దగ్గర. విత్తనం ఇచ్చాక శాంపిల్‌ను పొలంలో పెంచి జన్యు స్వచ్ఛత చూస్తారు. హైబ్రిడ్ పత్తికి కనీసం 90 శాతం ఉండాలి. ఫెయిలైతే ఆ లాటుకు విత్తనం ధర రాదు. సాయంత్రం ఆడ మొక్క మొగ్గ ఒలిచి కేసరాలు తీసేటప్పుడు కొన్ని మిగిలినా ఫెయిలవుతుంది, కంపెనీ ఇచ్చిన ఆడ, మగ విత్తనంలోనే కల్తీ ఉన్నా ఫెయిలవుతుంది. నష్టం మాత్రం రెండుసార్లూ రైతుదే. కాబట్టి శాంపిల్ రైతు ఎదుటే తీసి సీలు వేయాలి, ఒక భాగం ఆయన దగ్గరే ఉంచాలి. ఒకే ఫౌండేషన్ లాటు వాడిన రైతులందరి ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. అందరిదీ పోయిందంటే తప్పు పొలంలో లేదు.

డబ్బు విషయంలో ప్యాకెట్ ధర ఒక్కటే అడిగితే చాలదు. చేతికొచ్చిన తేదీ, కోసుకున్న వడ్డీ కూడా రాసుకోవాలి.

ఇక పిల్లల పని సంగతి. మధ్యాహ్నం పొలానికి వెళ్తే ఏమీ దొరకదు. క్రాసింగ్, అంటే మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు రాయడం, పొద్దున్నే జరుగుతుంది. క్రాసింగ్ జరిగే నెలల బడి హాజరు పట్టీ తిరగేయండి.