కుక్కకు సర్ది అయ్యిందా?

దేవరకొండ దగ్గర మా అత్తగారి ఊర్లో కుక్కకు పేరు లేదు. వాకిట్లో పడుంటుంది, మిగిలిన అన్నం బండమీద పెడితే తింటుంది, గడప దాటదు. డాలస్‌లో మా పక్కింటి కుక్క మంచమ్మీదే పడుకుంటుంది. మా తొమ్మిదేళ్ల పిల్లకు తెలిసిన కుక్క అదే. అందుకే జూన్‌లో దిగిన మర్నాడే పోయి దీని పక్కన కూర్చుంది. అది మోచేతికి ముక్కు ఆనించిందో లేదో, ఒకటే కేక: "నానమ్మా, దీనికి జలుబు!"

అత్తమ్మ అలుకు చల్లుతూనే, "సర్ది గాదు బిడ్డా, కుక్క ముక్కు గట్లనే ఉంటది" అంది.

"అమ్మా, సర్ది అంటే?"

సిగ్గేసింది. మా అమ్మ సర్దే అంటుంది, నేనూ అన్నదాన్నే. పిల్లకు పుస్తకాల తెలుగు నేర్పాలని జలుబు ఒక్కటే చెప్పాను.

సరే, అసలు సంగతి చెబుదామని కూర్చున్నా. ముక్కులో గ్రంథులు నీళ్లలాంటి ద్రవం వదులుతాయి, కుక్క మాటిమాటికీ నాకి ఇంకా తడి చేసుకుంటుంది, గాల్లో వచ్చే వాసన రేణువులు ఆ తడికి అంటుకుంటాయి...

"గ్రంథి అంటే ఏంది?" ఈసారి అడిగింది అత్తమ్మ.

నీళ్లు ఊరే చోటు అన్నాను.

"గట్ల చెప్పరాదు! వాగుల చెలిమె లెక్క."

చెలిమె ఏంటో పిల్లకు తెలియదాయె. అత్తమ్మ ఇంటి ముందు ఇసుక కుప్పలో చేత్తో గుంట తోడి చూపించింది, నీళ్లు రాకపోయినా.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల కింద కొంచెం అంతే. ఎండకు నాలుక చాపి రొప్పడమే దాని అసలు ఉపాయం. ముక్కు తడి ఆరి చల్లబడటం కాస్త తోడు. ఆ చల్లటి ముక్కు కొన, కొంత దూరం నుంచి కూడా సన్నటి వేడిని పసిగట్టగలదని 2020లో స్వీడన్, హంగరీ శాస్త్రవేత్తలు చెప్పారు. ఈ మాటకు పిల్ల నోరు తెరిచింది. అత్తమ్మ మాత్రం, "చీకట్ల ఎలుక యాడుందో దానికి ఎర్కనే" అని చీపురు అందుకుంది.

పిల్లకు రేబిస్ టీకాలు వేయించే తెచ్చాను. అయినా ముద్దులు వద్దు, తాకితే సబ్బుతో చేతులు కడగాలి. ఈ ఒక్కదాంట్లో అత్తాకోడళ్లది ఒకే మాట.

మధ్యాహ్నం కుక్క గోలెం పక్కన తడి మట్టిలో నిద్రపోతోంది. పిల్ల వేలితో ముక్కు తాకి పరుగెత్తుకొచ్చింది. "నానమ్మా, చెలిమె ఎండిపోయింది! జ్వరమా?"

"పండుకున్నది గద బిడ్డా, నాకుతలేదు. లేసినంక మళ్ల ఊరుతది."