గుడి కొసన మిగిలిన తీగ

మా అమ్మాయి తులూజ్‌లో పుట్టిన వారం రోజులకే ఎదురింటి పెద్దావిడ ఒక కానుక తెచ్చి ఇచ్చారు. లేత పసుపు ఊలుతో అల్లిన సన్నని తాడులోకి తీగ దూర్చి, ఆ తీగను వంచి, పాప పేరును గొలుసుకట్టు రాతలో తీర్చిన అలంకారం అది. ఫ్రాన్సులో ఈ అల్లికను త్రికోతాన్ అంటారు. పిల్లల గది తలుపుకు ఇలాంటి పేరును వేలాడదీయడం ఇక్కడ మామూలు విషయం.

అప్పటికి మా లెక్క ప్రకారం పాపకు ఇంకా పేరే పెట్టలేదు. ఇక్కడ బిడ్డ పుట్టిన 5 రోజుల్లోగా మునిసిపాలిటీలో పేరుతో సహా నమోదు చేయించాలి కనుక, మా వారు ఫారం నింపి వచ్చారు. బాలసారె మాత్రం 21వ రోజునే జరిగింది. పళ్ళెంలో పోసిన బియ్యంలో ఉంగరంతో ఆయన రాసిన అక్షరాల ఫొటో ఉంది గానీ, ఆ బియ్యం ఆ పూటే పరమాన్నంలోకి వెళ్ళిపోయాయి. అందువల్ల ఏడేళ్ళ పాటు మా ఇంటి గోడ మీద పాప పేరు ఫ్రెంచ్ రాతలోనే ఉండిపోయింది. అయినా ఫిర్యాదు చేయడానికి లేదు. 1803 నాటి చట్టాన్ని 1993లో మార్చేవరకు, పిల్లలకు పెట్టిన పేరును వద్దనే అధికారం ఇక్కడి నమోదు అధికారులకు ఉండేది. మాకు ఆ బెడద రాలేదు.

పూర్తి పేరు రాయడం నాకిష్టం లేదు కానీ, తెలుగులో మూడక్షరాలు: హి, మ, జ. ఫ్రెంచ్ వాళ్ళు ‘హ’ పలకరు, ‘జ’ను మెత్తగా నాలుక మీదుగా జార్చేస్తారు. ఫలితంగా బడిలో మా అమ్మాయి పేరు, ‘చిత్రం’ అని అర్థమిచ్చే ‘ఇమాజ్’ అనే ఫ్రెంచ్ మాటలా వినిపిస్తుంది. ఒకరోజు అది ఇంటికి వచ్చి, “అమ్మా, నా పేరు మొదట్లో ఉన్న అక్షరం ఎందుకు, ఎవరూ పలకనప్పుడు?” అని అడిగింది. పలికే అక్షరాలతో నీ పేరు నువ్వే చేసుకో అన్నాను. అలా మొదలైంది ఈ పని.

సంత నుంచి తెచ్చిన త్రికోతాన్ మర అరచేతిలో పట్టేంత డబ్బా. లోపల నాలుగు కొక్కేలుంటాయి, పక్కన తిప్పే పిడి ఉంటుంది, దిగివచ్చే తాడు కొసకు చిన్న బరువు తగిలించాలి. ఊలు మరీ లావైతే కొక్కెం దాన్ని అందుకోలేక ఒక కుట్టు జారవిడుస్తుంది. అక్కడి నుంచి తాడుకు నిలువునా చీలిక వస్తుంది. పిడిని నిదానంగా తిప్పితే ఆ తాడు లోపల బోలుగా, గొట్టంలా దిగుతుంది. తీగ కొసను పట్టుకారుతో చిన్న మడతగా వంచి ఆ బోలులోకి తోయాలి, లేకపోతే ప్రతి కుట్టుకూ తట్టుకుంటుంది. అల్యూమినియం తీగ పిల్లల వేళ్ళకు సులువుగా వంగుతుంది కనుక దాన్నే ఎంచుకున్నాం. నిజానికి ఇనుప తీగ అయితే రూపం గట్టిగా నిలిచేది.

ఫ్రెంచ్ రాతకు ఇది పుట్టుకతోనే పొసగిన పని. అక్షరం తోకే తరువాతి అక్షరానికి తల అవుతుంది కాబట్టి, ఒకే తీగతో పేరంతా సాగిపోతుంది. చుక్కల కోసం రెండు ఊలు బంతులు కుడితే చాలు. మన అక్షరాలు ఒకదాన్నొకటి తాకవు. హి నుంచి మకు తీగతో వంతెన వేసి చూస్తే, ఆ వంతెన కూడా అక్షరంలో భాగమైపోయి ఏ దీర్ఘమో అనిపించింది. పైగా మూడింటికీ తలలు వేరు: హికి తలకట్టు పోయి గుడి వస్తుంది, మకు తలకట్టు ఉంటుంది, జకు ఏమీ ఉండదు. ఇన్నాళ్ళూ ఆదివారం తెలుగు పాఠంలో ఎంత చెప్పినా దానికి ఎక్కని ఈ తేడా, తీగ ఎన్ని ముక్కలుగా కత్తిరించాలన్న లెక్క వచ్చేసరికి దానంతట అదే ఎక్కింది. మ తలకట్టుకు విడిగా వేలెడు ముక్క కావాలని నాకంటే ముందు అదే చెప్పింది.

నమూనా కోసం కంప్యూటర్ అక్షరాలు అచ్చు తీస్తే మలుపులు మరీ ఇరుకుగా వచ్చాయి. నరసాపురంలో ఉన్న మా అమ్మను కాగితం మీద పెద్దగా రాసి ఫొటో పంపమన్నాను. ఆవిడ చిన్నప్పటి నుంచి లేసు అల్లిన మనిషి, ఆ ఊళ్ళో చాలామంది ఆడవాళ్ళలాగే. ఆ రాతను జానెడు ఎత్తుకు పెంచి, దాని మీదుగా దారం పరిచి పొడవు కొలిచి, తాడు అల్లి, తీగ వంచాం. పాత మంగళగిరి చీర ముక్కను ఎంబ్రాయిడరీ ఫ్రేముకు బిగించి, అక్షరాలను విడివిడిగా దాని మీద కుట్టాం. వంతెనల బాధ అలా తీరింది.

సంబరంగా వీడియోలో చూపిస్తే అమ్మ కళ్ళజోడు సర్దుకుని, “హీమజ అని రాశారేమే?” అంది. కత్తిరించకుండా వదిలిన తీగను గుడి కొసన పైకి మడిచేశాం. అది కాస్తా గుడిదీర్ఘమైంది. ఆ మెలికను నేను ఎన్నిసార్లు చూశానో, ఒక్కసారీ చదవలేదు. అమ్మాయి మాత్రం గబగబా పట్టుకారు తెచ్చి, తీగను నొక్కి లోపలికి తోసి, “ఇప్పుడు చదువు అమ్మమ్మా” అంది. అమ్మ ‘హి’ని ఎంత ఒత్తి పలికిందంటే, దీని ముఖం విచ్చుకుంది.

ఇప్పుడు పచ్చ ఊలుతో రెండో పేరు నడుస్తోంది. తలుపు మీద పేరు చూసిన తోటి పిల్ల ఒకర్తె తనకూ తెలుగులో కావాలంది. ఆ పేరులో ఫ్రెంచ్ వాళ్ళు పెదవులు ‘ఉ’కు చుట్టి నాలుకతో ‘ఇ’ పలికే అచ్చు ఉంది; మన వర్ణమాలలో దానికి అక్షరం లేదు. కొమ్ము వేస్తే ఒక రకంగా, గుడి వేస్తే ఇంకో రకంగా తప్పు. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మా అమ్మాయి రెండు విధాలా రాసి, పైకి చదివి వినిపిస్తోంది. తాడు తయారైంది, తీగ ఇంకా కత్తిరించలేదు.