కాగితంలో మూడు, చెవికి ఎనిమిది

మాది మధిర దగ్గర పల్లెటూరు. నందిగామ వైపు నుంచి రెండు పాడి గేదెల్ని కొని నిన్న రాత్రి ఇంటికి చేర్చాం. కాగితాలన్నీ ఉండి కూడా దొంగగొడ్లు తోలుకొస్తున్న వాళ్లలా రోడ్డు మీద నిలబడ్డాం. ఆ మంటలోనే రాస్తున్నా.

కొనడం తేలికే. దగ్గరుండి పాలు పిండి చూసుకున్నాం, బేరం కుదిరింది. "దారిలో ఎవరూ ఆపరు, పూచీ నాది" అని దళారి కమీషన్ జేబులో వేసుకున్నాడు. రెండింటి చెవులకీ పసుపుపచ్చ ట్యాగులున్నాయి, పశు ఆధార్ అంటారే, ఆ పన్నెండంకెల నంబరుతో. రైతు రసీదు రాసిచ్చాడు. పశువుల ఆసుపత్రిలో డాక్టరు గారు గేదెల్ని స్వయంగా చూసి, ప్రయాణానికి పనికొస్తాయని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టారు. నంబర్లు ఎక్కించింది మాత్రం పక్క టేబుల్ మహానుభావుడు, చెవి దగ్గర ఫోను తియ్యకుండానే.

బండి విషయంలో నాకు వంక పెట్టేవాడు లేడు. 1978 పశు రవాణా నిబంధనల ప్రకారం లారీలో ఆరు పశువులకి మించకూడదు, కాళ్లు జారకుండా కింద పీచు పట్టా వెయ్యాలి, వెంట మనిషుండాలి, వేరే సరుకు ఎక్కించకూడదు, పశువుల తలలు ఇంజిన్ వైపు ఉంటే మంచిది. అన్నీ చేశాను, మందుల పెట్టె కూడా పెట్టాను.

ఆంధ్రా-తెలంగాణ సరిహద్దు దగ్గర పోలీసులు ఆపారు. "ఎవరివిరా గొడ్లు?" నాకు యాభై దాటాయి, అన్నవాడికి ముప్ఫై ఉండవు. పాలగేదెలండీ, పెంచుకోడానికే అంటే, దాణా కోసం పెట్టుకున్న తవుడు బస్తా చూపించి "మరి ఇదేం సరుకు?" అన్నాడు. తర్వాత ట్యాగ్ చదవమన్నాడు. చెవికంతా పేడ. బావమరిది సీసా నీళ్లు పోసి తువ్వాలుతో రుద్దుతుంటే గేదె తల విదిలిస్తోంది, నేను ఫోన్ లైటు పట్టుకుని అంకె అంకె చదువుతున్నాను. చివరి అంకె ఎనిమిది. సర్టిఫికెట్లో మూడు.

"అయితే ఇది వేరే గేదె" అని తేల్చేశాడు. రసీదులో ఎనిమిదే ఉందని చూపించినా అటు చూడలేదు. ఈలోగా ఎవరో కుర్రాళ్లు, పోలీసులూ కాదు ఏమీ కాదు, మా ముఖాలకి ఫోన్లు పెట్టి వీడియో తియ్యడం మొదలుపెట్టారు. ఎందుకు తీస్తున్నారని అడిగితే మీదికొచ్చారు, ఆపమని వాళ్లకి చెప్పిన నాథుడు లేడు. పాలు తీసే వేళ దాటిపోయి పొదుగులు బిగిశాయి, చన్నుల నుంచి పాలు వాటంతటవే పట్టా మీద కారుతున్నాయి. మనుషుల మీద అనుమానం ఉంటే ఉండనీ, నోరులేని వాటికేంటి ఈ శిక్ష?

చివరికి డాక్టరు గారు ఫోన్ ఎత్తి, ఆసుపత్రి రికార్డులో ఉన్న నంబరు ఫోటో పంపించారు. అందులో ఎనిమిదే. "సరే పోండి" అన్నారు. పొరపాటైందని ఒక్క మాట లేదు.

గేదెల్ని తెచ్చుకునేవాళ్లు సర్టిఫికెట్ రాసేవాడి పక్కనే నిలబడి నంబరు చదివించండి, విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ట్యాగూ ముఖమూ కలిసి కనపడేలా ఫోటో తీసుకోండి. డాక్టరు గారి నంబరు అడిగి తీసుకోండి. చీకటి పడ్డాక మాత్రం బయల్దేరొద్దు. ట్యాగ్ ఊడితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర మళ్లీ తంటా, అదీ చూసుకోండి.

ఇంక ఆన్‌లైన్‌లో ట్యాగ్ నంబరు మీదున్న యజమాని పేరు మార్పించాలి. దానికి అమ్మిన రైతుతో మాట్లాడాలి, ఆయన్ని పట్టుకోవాలంటే దళారి కావాలి. పూచీ నాదన్న ఆ మనిషి పొద్దున్నుంచి ఫోన్ ఎత్తడం లేదు.