వాగ్దానపు కార్డుల్లో కనిపించని కీర్తన

డిసెంబరు 31 రాత్రి జంటనగరాల్లోని ఏ తెలుగు క్రైస్తవ సంఘానికి వెళ్లినా, బైబిలు వాక్యం రాసి ఉన్న వాగ్దానపు కార్డు తీసుకునే అలవాటు కనిపిస్తుంది. పళ్లెంలో బోర్లించి పెట్టిన కార్డుల్లోంచి ఒకటి తీసుకుని, రాబోయే ఏడాదికి దేవుడిచ్చిన మాటగా దాన్ని బైబిలులో దాచుకుంటాం. మా ఇంట్లోనూ ఉన్న ఈ అలవాటును నేను తప్పుపట్టను. కానీ 88వ కీర్తనలోని ఆఖరి మాట, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్నది, ఏ కార్డు మీదా నేను ఇంతవరకు చూడలేదు.

మొరతో మొదలైన కీర్తనలు చాలావరకు స్తుతితో ముగుస్తాయి. ఎజ్రాహీయుడైన హేమాను రాసిన ఈ కీర్తన మాత్రం చీకటిలోనే ఆగిపోతుంది. అయినా అతడు ఆ చీకటిని గోడకు చెప్పుకోలేదు. "నాకు రక్షణకర్తవగు దేవా" అని మొదటే పిలిచి, ఆ దేవునికే చెప్పుకున్నాడు. జవాబు రాకపోయినా వినేవాడున్నాడన్న నమ్మకం లేనివాడు అంతసేపు మొరపెట్టడు.

నాన్నగారి మూత్రపిండాలు పనిచేయడం మానేసిన తర్వాతే ఈ కీర్తన నాకు దగ్గరైంది. వారానికి మూడుసార్లు డయాలసిస్, మధ్య రోజుల్లో కొలిచి తాగవలసిన నీళ్లు. మే నెల ఎండలో ఆయన చిన్న స్టీలు గ్లాసులో సగం నీళ్లు పోసుకుని, ఒక్కో గుక్కను నోట్లో కాసేపు నిలిపి మింగుతుంటే, పక్కన నిండు గ్లాసు ఎత్తి తాగడానికి మాకెవరికీ మనసొప్పేది కాదు. స్వస్థత కోసం సంఘమంతా ఉపవాస ప్రార్థనలు చేసింది. మూత్రపిండాలు మాత్రం కోలుకోలేదు. తెల్లవారుజాము షిఫ్టుకు ఆటో దొరకదని సీతాఫల్‌మండి నుంచి ఒక సహోదరుడు తన కారు తెచ్చేవాడు. ఆయన భార్య మా ఇంటిల్లిపాదికీ టిఫిన్ క్యారియర్ పంపేది. అప్పట్లో దాన్ని మంచితనమనుకున్నానే గాని, ప్రార్థనకు జవాబుగా లెక్కలోకి తీసుకోలేదు.

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయాన్ని మళ్లీ చదివినప్పుడు ఆ లెక్క మారింది. రాణి యెజెబెలుకు భయపడి పారిపోయి, చావు కోరుకుని బదరీవృక్షం కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దూత తెచ్చినవి నిప్పుల మీద కాల్చిన అప్పము, నీళ్లబుడ్డి. యెజెబెలు సింహాసనం కదలలేదు, ప్రయాణమూ తప్పలేదు. "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అని దూతే చెప్పి, రెండోసారి తినమన్నాడు. అపొస్తలుల కార్యములు 27లోనూ అంతే. తుపానులో చిక్కిన ఓడలోని 276 మందికి ప్రాణాలు దక్కుతాయి, ఓడ దక్కదు అని అపొస్తలుడైన పౌలుకు ముందే తెలిసింది. తెలిసినవాడు అందరి ఎదుటా రొట్టె పట్టుకుని దేవునికి కృతజ్ఞతలు చెల్లించి తిన్నాడు. ఓడ నిజంగానే బద్దలైంది. మెదక్ చర్చిని చూడటానికి వెళ్లే మనవాళ్లకు తెలిసిన కథే మరొకటి: 1924లో ప్రతిష్ఠ జరిగిన ఆ ఆలయాన్ని మిషనరీ పాస్నెట్ దొర కట్టిస్తున్న కాలంలో కరవు వస్తే, ఆకలితో ఉన్నవాళ్లకు కూడు పెట్టింది ఆ కట్టుబడి పనే.

"ఆపత్కాలములో ఆయన నమ్ముకొనదగిన సహాయకుడు" అన్న 46వ కీర్తన మాటను ఇప్పుడు ఇలాగే చదువుతున్నాను. ఆపద తీరిన తర్వాత వచ్చి పలకరించే సహాయం గురించి అందులో లేదు. స్వస్థతలు జరగవని నేను అనడం లేదు. వాటి కోసం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాం. నాకున్న అభ్యంతరమల్లా మన సాక్ష్యాల సమయం గురించే. జబ్బు నయమైనవారు, వీసా వచ్చినవారు, ఉద్యోగం దొరికినవారు మైకు దగ్గరకు వస్తారు. ఇంకా జవాబు కోసం కనిపెట్టుకుని ఉన్నవారు వెనుక బల్లల మీదే కూర్చుంటారు. "నీకు విశ్వాసం చాలలేదేమో" అని వారితో అనేవారు పౌలు ఎంత వేడుకున్నా అతని శరీరంలోంచి తీసివేయబడని ముల్లును, అంటే అతణ్ణి వదలని ఆ బాధను, మరచిపోతున్నారు.

కిందటి నెల మా గృహకూటంలో పెద్దలు నాన్నగారిని సాక్ష్యం చెప్పమన్నారు. ఆయన లేచి, తనకింకా డయాలసిస్ జరుగుతూనే ఉందని చెప్పి, 88వ కీర్తనను మొదటి నుంచి చివరి దాకా చదివి, కారు తెచ్చిన సహోదరుని పేరు చెప్పి దేవుణ్ణి స్తుతించి కూర్చున్నారు.